ఎందుకు చేశారని అడగడం వాళ్లను వెనకేసుకురావడం కాదు

పహల్గాం దాడి తర్వాత మీ ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర మొదలైన గొడవ గురించి మీరు రాసింది చదివాను. ఒకాయన "వాళ్ల మతంలోనే ఉంది, కారణాలు వెతకడం టైమ్ వేస్ట్" అన్నాడు. ఇంకొకావిడ "చదువు లేదు, పని లేదు, అన్యాయం జరిగింది, అందుకే తుపాకీ పట్టారు" అంది. మధ్యలో మీరు "అసలు ఎందుకు చేశారో తెలిస్తేనే కదా ఆపగలిగేది" అంటే "నువ్వు ఎవరి వైపు?" అని మీ మీద పడ్డారు. అప్పట్నుంచి శివాజీనగర్ నుంచి వచ్చే మీ ముస్లిం టీమ్‌మేట్ లంచ్‌కు రావడమే మానేశాడు. కారణం అడగడం తప్పా, అసలు కారణం ఏది, ప్రభుత్వం ఎలా బదులివ్వాలి, మనలాంటి మామూలువాళ్లు చేయగలిగేది ఏముంది, ఇవీ మీ ప్రశ్నలు.

మాది హిందూపురం. బెంగళూరులో క్రిమినల్ కేసులు వాదించడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. ముద్దాయిల తరఫున నిలబడ్డాను, మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాల తరఫున పరిహారం కోసమూ తిరిగాను. రెండు వైపుల కాగితాలూ చదివిన మనిషిగా చెబుతున్నాను, "ఎందుకు" అని అడగాల్సిందే. కాకపోతే ఎవరి గురించి అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి. పథకం వేసి మనిషిని పంపినవాడి లెక్క ఒకటి, బ్యాగు మోసుకెళ్లినవాడి బుర్రలో ఉన్నది ఇంకొకటి, గది అద్దెకు ఇప్పించి సిమ్ కార్డు తెచ్చిపెట్టినవాడి కథ మూడోది. మీ లంచ్ టేబుల్ దగ్గర అందరూ ఈ మూడింటినీ కలిపేసి ఒకే జవాబు వెతుకుతున్నారు, అందుకే వాదన తెగడం లేదు.

కారణం అడిగితే సమర్థించినట్టేనన్న మాట ముందు చూద్దాం. ఈ వాదన మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. నక్సలిజం శాంతిభద్రతల సమస్యా, సామాజిక ఆర్థిక సమస్యా అని ఎన్నేళ్లు వాదించుకున్నామో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ను 1987 డిసెంబర్‌లో గుర్తేడు దగ్గర నక్సలైట్లే కిడ్నాప్ చేశారు. అదే మనిషి పదేళ్ల తర్వాత పౌరస్పందన వేదిక పెట్టి, నక్సలైట్లు చేసిన హత్యలకు నక్సలైట్లనీ, ఎన్‌కౌంటర్లకు ప్రభుత్వాన్నీ జవాబు అడిగాడు. ఆయన కారణాలు అడిగింది ఎవరి తప్పూ మాఫీ చేయడానికి కాదు. అదే రాష్ట్రంలో 1989 నుంచి నక్సలైట్ల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ పని చేసింది, 2003 అక్టోబర్‌లో అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చారు, సరిగ్గా ఏడాదికి 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో వాళ్లతో ప్రభుత్వ చర్చలు జరిగాయి, కొన్ని నెలలకే చెడిపోయాయి. ఆ చర్చల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. కానీ కారణం అడగడమూ పోలీసు తన పని తాను చేయడమూ ఒకే చోట, ఒకే కాలంలో సాగాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు. అందుకని మిమ్మల్ని "ఎవరి వైపు" అని అడిగినవాళ్లకు ఈ చరిత్ర చెప్పండి, మనకు ఇది అలవాటైన పనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను ఈ మూడు పొరల గురించి ఎందుకు అంత పట్టుబడుతున్నానో రాజీవ్ గాంధీ హత్య కేసు చూస్తే అర్థమవుతుంది.

1991 మే 21. ఆ సాయంత్రం ఆయన విశాఖపట్నం నుంచి విమానంలో మద్రాసు వచ్చి, అక్కడి నుంచి కారులో శ్రీపెరుంబుదూరు సభకు వెళ్లాడు. పంపింది శ్రీలంక తమిళుల సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ, వాళ్ల లెక్క చాలా స్పష్టంగా ఉంది. 1987 నుంచి 1990 దాకా మన సైన్యం శాంతి పరిరక్షణ పేరుతో శ్రీలంకలో ఉండి ఎల్‌టీటీఈతో పోరాడింది, ఆ పగ ఒకటి. ఎన్నికల్లో గెలిచి మళ్లీ ప్రధాని అయితే మళ్లీ సైన్యాన్ని పంపుతాడన్న భయం ఇంకొకటి. మతం ఇందులో ఎక్కడా లేదు, పేదరికమూ లేదు. నడుముకు బాంబు కట్టుకుని వెళ్లిన ధను మనసులో ఏముందో మనకు తెలియదు, చెప్పడానికి ఆమె మిగల్లేదు. నాయకత్వం వహించిన శివరాసన్‌ను ఆగస్టు 20న మన బెంగళూరులోనే, కోననకుంటెలో పట్టుకోబోతే ప్రాణాలతో దొరకలేదు. అంటే పంపినవాడి నుంచి మోసినవాడి దాకా ఉన్న గొలుసులో మధ్య కొక్కెం పోయింది. సజీవంగా పట్టుకోవడం అంత ముఖ్యమని మేం అనేది ఇందుకే.

ఇక మూడో పొర. పేరరివాళన్ అప్పుడు 19 ఏళ్ల కుర్రాడు. అతని మీద ఉన్న ప్రధాన ఆరోపణ, బాంబులో వాడిన తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడని. వాంగ్మూలం నమోదు చేసిన సీబీఐ అధికారి వి. త్యాగరాజన్ రిటైరయ్యాక 2013లో బయటపెట్టింది వినండి. ఆ బ్యాటరీలు దేనికో తనకు తెలియదని కుర్రాడు చెప్పిన వాక్యాన్ని తాను రాయలేదని చెప్పాడు. ఒక్క వాక్యం. "ఎందుకో తెలియదు" అన్న ఆ మాట కాగితం మీదకు రాకపోవడం వల్ల ఒక మనిషి ఉరిశిక్ష నీడలో ఏళ్ల తరబడి గడిపాడు, చివరికి 2022 మే నెలలో సుప్రీంకోర్టు విడుదల చేసింది. అతను పూర్తిగా అమాయకుడా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. కారణం అడగడం దండగ అనేవాళ్లు ఈ ఒక్క వాక్యం గురించి ఆలోచించాలి.

ఆ కేసులో 1998లో టాడా, అంటే అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద పెట్టిన కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చి, మిగతా 19 మందిని వదిలేసింది. అంతేకాదు, టాడా కింద వేసిన శిక్షలనే కొట్టేసింది. కుట్ర లక్ష్యం ఒక మనిషిని చంపడమే, ప్రజల్లో భయోత్పాతం పుట్టించడమో ప్రభుత్వాన్ని లొంగదీయడమో లక్ష్యమని రుజువు కాలేదని చెప్పింది. దేశం మొత్తం టెర్రరిజం అని పిలిచిన దాడిని సుప్రీంకోర్టు ఆ చట్టం ప్రకారం టెర్రరిజం కాదంది, హత్య అంది. నాకు ఈ తీర్పు మీద భిన్నాభిప్రాయం ఉంది, సభలో జనం మధ్య బాంబు పేల్చి చుట్టూ ఉన్నవాళ్లను కూడా చంపినప్పుడు భయం పుట్టించే ఉద్దేశం లేదనడం నాకు మింగుడుపడదు. అయినా చూడండి, "ఎందుకు" అన్న ప్రశ్న దగ్గరే కేసు మొత్తం మలుపు తిరిగింది.

ఇంకో సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. హత్యకు ముందు తమిళనాడులో ఎల్‌టీటీఈకి బోలెడు సానుభూతి ఉండేది. ఇళ్లు దొరికేవి, చందాలు దొరికేవి, గాయపడితే ఆస్పత్రులు దొరికేవి. మే 21 తర్వాత అది ఎండిపోయింది. ఏ జనం పేరు చెప్పుకుని పోరాడుతున్నామన్నారో ఆ జనమే తలుపు వేసేశారు. పంపినవాళ్ల లెక్క తప్పింది అక్కడే.

ఇప్పుడు "చదువు, ఉద్యోగం లేక" అన్న మీ కొలీగ్ వాదన. ఆవిడ మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ బెంగళూరులో కూర్చుని ఆ మాట అనడం కష్టం. 2007 జూన్ 30న స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఎయిర్‌పోర్టులోకి గ్యాస్ సిలిండర్లతో నింపిన జీపును దూకించిన కఫీల్ అహ్మద్ మన ఊరివాడే. తల్లిదండ్రులు డాక్టర్లు. దావణగెరెలో ఇంజనీరింగ్, తర్వాత బెల్‌ఫాస్ట్‌లో పీజీ, ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీ. పక్కన కూర్చున్న బిలాల్ అబ్దుల్లా డాక్టరు. కఫీల్ ఆ మంటల్లో కాలి ఆగస్టు 2న చనిపోయాడు. ఆర్థికశాస్త్రవేత్త అలన్ క్రూగర్ 2003లోనే తన సహ రచయితతో కలిసి లెక్కలు చూసి, పేదరికానికీ చదువు లేకపోవడానికీ టెర్రరిజంతో నేరుగా సంబంధం కనిపించడం లేదని రాశాడు. కడుపు కాలే మనిషి ధర్నా చేస్తాడు, వలస పోతాడు, దొంగతనం కూడా చేయొచ్చు. నిండు కడుపుతో, పుస్తకాలు చదివి, ఎక్కడో దూరాన జరుగుతున్న అన్యాయాన్ని తన సొంత అవమానంగా మోసుకుని, తన చుట్టూ తనలాగే ఆలోచించే నలుగురు దొరికితే అప్పుడు తయారయ్యే మనిషి వేరు. ఆ నలుగురు దొరకడమే పెద్ద విషయం. మోసుకెళ్లేవాళ్ల కథల్లో సిద్ధాంతం తర్వాత వస్తుంది, ముందు స్నేహితుడో, అన్నో, బావమరిదో వస్తారు.

అదే కుటుంబంలో రెండో కథ కూడా ఉంది, దాన్ని కూడా చెప్పకుండా ఆగకూడదు. కఫీల్ కజిన్ డాక్టర్ మహమ్మద్ హనీఫ్ అప్పుడు ఆస్ట్రేలియాలో పనిచేస్తున్నాడు. అంతకు ఏడాది ముందు ఇంగ్లండ్ వదిలి వెళ్తూ తన సిమ్ కార్డును కఫీల్ తమ్ముడికి ఇచ్చాడు. 2007 జులై 2న, పురిట్లో ఉన్న భార్యనూ బిడ్డనూ చూడ్డానికి బెంగళూరు విమానం ఎక్కబోతుంటే బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టులో అరెస్టు చేశారు. చార్జి పెట్టకుండా 12 రోజులు లాకప్‌లో ఉంచారు. ఆ సిమ్ గ్లాస్గోలో కాలిన జీపులో దొరికిందని కోర్టుకు చెప్పారు, అది అబద్ధం, సిమ్ లివర్‌పూల్‌లో తమ్ముడి దగ్గరే ఉంది. బెయిల్ వస్తే అదే రోజు వీసా రద్దు చేశారు. జులై 27న కేసు ఉపసంహరించుకున్నారు, తర్వాత విచారణ కమిషన్ అతనికి ఏ సంబంధమూ లేదని తేల్చింది, 2010లో పరిహారం చెల్లించారు. ఒకే బంధువర్గం, ఒకే మతం, ఒకే ఊరు, ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లు. ఒకడు జీపు తోలాడు, ఒకడు పిల్లలకు పేర్లు పెట్టుకునే వయసులో పోలీసు గదిలో కూర్చున్నాడు. "వాళ్ల మతంలోనే ఉంది" అన్న మీ కొలీగ్‌కు ఈ ఇద్దరి మధ్య తేడా ఏమిటో చెప్పమనండి. ఆ తేడాలోనే అసలు కారణం ఉంటుంది, మతం ఇద్దరికీ ఒకటే కదా.

అలా అని మతం పేరుతో నడిచే సిద్ధాంతం ఉత్తమాట అని నేను అనను. పహల్గాంలో మతం అడిగి మరీ కాల్చారు. దాన్ని దాటేసి మాట్లాడటం చచ్చిపోయినవాళ్లకు అన్యాయం. కోయంబత్తూరు సంగతి కూడా ఇలాగే రెండు వైపులా చూడాలి. 1997 నవంబర్ చివర్లో అక్కడ ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను చంపారు, ఆ తర్వాత జరిగిన అల్లర్లలో, పోలీసు కాల్పుల్లో 18 మంది ముస్లింలు చనిపోయారు. 1998 ఫిబ్రవరి 14న అల్‌ ఉమ్మా అనే మత తీవ్రవాద సంస్థ పెట్టిన వరుస బాంబుల్లో 58 మంది చనిపోయారు. అల్లర్లలో జరిగిన అన్యాయం నిజం. దాని మీద కోపం న్యాయం. కానీ అల్‌ ఉమ్మా ఆ అల్లర్ల తర్వాత పుట్టలేదు, అంతకుముందు నుంచీ ఉంది, జనం కోపాన్ని వాడుకోవడానికి సిద్ధంగా ఉంది. అన్యాయానికి గురైన వేలమందిలో బాంబు పెట్టింది పిడికెడు మంది. మిగతా వేలమంది ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న ఎవరూ వేయరు, దానికీ జవాబు కావాలి.

మన వైట్‌ఫీల్డ్ దగ్గర, 2024 మార్చి 1 మధ్యాహ్నం రామేశ్వరం కెఫేలో పేలుడు జరిగినప్పుడు మీరు అప్పటికే బెంగళూరులో ఉండి ఉంటారు. టోపీ పెట్టుకున్న మనిషి వచ్చి రవ్వ ఇడ్లీ కూపన్ తీసుకుని, బ్యాగు వదిలి వెళ్లాడు. ఎవరూ చనిపోలేదు, గాయపడ్డారు. గంటల్లోనే ఊహాగానాలు మొదలయ్యాయి. వ్యాపార పోటీ అన్నారు, ఎన్నికల ముందు రాజకీయం అన్నారు, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే పెట్టారని ఒక కేంద్ర మంత్రి అనేశారు, మదురైలో ఆమె మీద కేసు పెట్టారు, తర్వాత క్షమాపణ చెప్పారు. ఏప్రిల్ 12న ఉగ్రవాద కేసులు చూసే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ ఇద్దరిని పశ్చిమ బెంగాల్‌లో పట్టుకుంది. ఇద్దరూ కర్ణాటకవాళ్లే, తీర్థహళ్లి వైపు వాళ్లు. జనవరి 22న, అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ రోజున, మల్లేశ్వరంలో బీజేపీ ఆఫీసు దగ్గర బాంబు పెట్టబోయి విఫలమయ్యారని, ఆ తర్వాత కెఫేను ఎంచుకున్నారని చార్జిషీట్‌లో ఉంది. చార్జిషీట్ అంటే ఆరోపణ, తీర్పు కాదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ మొదటి రెండు రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన కారణాలన్నీ ఒక పక్క పెట్టి, నెలన్నర పాటు సీసీటీవీలు, బస్సు టికెట్లు, టోపీ కొన్న షాపు వెతికిన పోలీసుల పని ఇంకో పక్క పెట్టి చూడండి. కారణం గురించి మనకు పనికొచ్చే సమాచారం ఏదైనా వచ్చిందంటే ఆ రెండో దాని నుంచే.

కొన్ని దాడుల్లో అదీ రాదు. 2014 మే 1న బెంగళూరు నుంచి గువాహటి వెళ్లే రైల్లో, చెన్నై సెంట్రల్ ప్లాట్‌ఫాం మీద రెండు బాంబులు పేలి ఒక అమ్మాయి చనిపోయింది. మనలాగే బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుకు గుంటూరు ఇంటికి పోతున్న పిల్ల. ఆ దాడి గురించి మన తెలుగువాళ్లలోనే చాలామందికి గుర్తు లేదు, నాకు మాత్రం మే ఒకటో తేదీ వస్తే గుండె బరువెక్కుతుంది.

ప్రభుత్వం ఎలా బదులివ్వాలి అన్నారు. ఒకే జవాబు మూడు పొరలకూ పనిచేయదు.

పంపినవాడి వెనక ఒక దేశం ఉన్నప్పుడు, అతనికి ఖర్చు తెలిసేలా చేయాలి. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్‌లో మన సైన్యం తొమ్మిది చోట్ల చేసిన దాడులను నేను తప్పుపట్టను. ఏమీ చేయకుండా కూర్చుంటే ఆ లెక్కలో మన ప్రాణాలకు విలువ లేదన్నట్టు అవుతుంది. కానీ ఆ ఖర్చు మనమూ కడతాం. మే 9న నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్ మా హిందూపురానికి దగ్గర్లోనే, గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు. టీవీ స్టూడియోలో కూర్చుని యుద్ధం అడిగేవాళ్లు ఆ తండాకు ఒకసారి వెళ్లి రావాలి. ఇంకొకటి, క్షిపణి పంపినవాడి స్థావరాన్ని కొడుతుంది, ఇక్కడ మన ఊళ్లో గదిలో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూస్తూ తయారయ్యేవాణ్ని అది చేరదు. రాండ్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 1968 నుంచి 2006 దాకా ఉన్న 648 గ్రూపులను పరిశీలించి 2008లో ఒక లెక్క చెప్పింది. చీలిపోయినవాటిని పక్కన పెడితే, అంతమైన గ్రూపుల్లో 43 శాతం రాజకీయాల్లోకి వచ్చి ఆయుధం వదిలాయి, 40 శాతం పోలీసు, నిఘా పని వల్ల పోయాయి, 10 శాతం తాము అనుకున్నది సాధించాయి, సైన్యం వల్ల పోయినవి 7 శాతం. ఎల్‌టీటీఈని 2009లో సైన్యమే తుడిచేసింది కదా అంటారు. నిజమే. ఆ చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పింది. అది మన దారి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

లోపలి దాడుల విషయంలో నా బాధంతా ఒకటే, తప్పుడు మనిషిని పట్టుకోవడం. కోర్టులో కూర్చుని ఇది చూసిచూసి చెబుతున్నాను, తప్పుడు మనిషి లోపలుంటే అసలు మనిషి బయటున్నట్టు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడుకు 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది చనిపోయారు. పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు, హింసించారన్న ఫిర్యాదులొచ్చాయి, కేసులు నిలవలేదు. రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ఇస్తే 2013లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. దర్యాప్తు చేతులు మారి హిందూ సంస్థలకు చెందినవాళ్ల మీద కేసు నడిచింది, 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. మరి ఆ 9 మందిని చంపిందెవరు? జవాబు లేదు. మసీదులో కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఏం చెబుతాం? ముంబై లోకల్ రైళ్లలో 2006 జులై 11న 180 మందికి పైగా చనిపోయారు, దాదాపు పంతొమ్మిదేళ్ల తర్వాత 2025 జులైలో బాంబే హైకోర్టు శిక్ష పడిన 12 మందినీ నిర్దోషులంది, ఆ తీర్పును మిగతా కేసుల్లో ప్రమాణంగా తీసుకోవద్దని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మన ఊళ్లో 2008 జులై 25 పేలుళ్ల కేసు విచారణ 2023కి కూడా పూర్తి కాలేదు. ఉగ్రవాద కేసుల్లో వాడే యూఏపీఏ చట్టంలో బెయిల్ రావడం ఎంత కష్టమో మీకు తెలుసు, పైపైన చూస్తే ఆరోపణ నిజమనిపిస్తే చాలు, జడ్జి బెయిల్ ఇవ్వకూడదు. అంత కఠినమైన చట్టం చేతిలో ఉన్నప్పుడు విచారణ త్వరగా ముగించాల్సిన బాధ్యత కూడా అంత గట్టిగా ఉండాలి. లేకపోతే ఆ ఆలస్యమే నిర్దోషికి శిక్ష, బాధితుడికీ శిక్షే.

కసబ్ కేసు చూడండి. 166 మంది చనిపోయిన 2008 ముంబై దాడి, లాయర్లు అతని తరఫున నిలబడటానికి నిరాకరించారు, అయినా కోర్టు లాయరును ఇచ్చింది, సాక్షులను అడ్డంగా ప్రశ్నించనిచ్చింది, సుప్రీంకోర్టు దాకా విన్నది. 2012 నవంబర్ 21న ఉరి తీసేనాటికి దాడి ఎక్కడ మొదలైంది, పడవలో ఎవరు వచ్చారు, ఫోన్‌లో ఎవరు నడిపించారు అన్నది ప్రపంచం ముందు రికార్డుగా ఉంది. ప్రాణాలతో పట్టుకున్న ఒక్క మనిషి వల్ల, సరిగా నడిపిన ఒక్క విచారణ వల్ల. ఎన్‌కౌంటర్ చేసేయాల్సింది అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే, అప్పుడే కాల్చేసి ఉంటే ఆ రికార్డులో సగం ఉండేది కాదు.

ఇక మూడో పొర, సాయం చేసేవాళ్లు, వాళ్లు దొరికే చుట్టూ ఉన్న జనం. పహల్గాంలో మతం అడిగి చంపినవాడు మన నుంచి ఆశించిన పని ఒకటుంది. మనం ఇక్కడ, బెంగళూరులో, డెహ్రాడూన్‌లో, మన పక్కన ఉన్న ముస్లిం మీద పడాలి. అప్పుడు పంపినవాడికి వచ్చే ఏడాదికి కావలసిన కుర్రాళ్లు దొరుకుతారు. కొన్ని ఊళ్లలో కశ్మీరీ విద్యార్థులను హాస్టళ్ల నుంచి తరిమినవాళ్లు ఆ పని వాడికి ఉచితంగా చేసిపెట్టారు. అదే సమయంలో కశ్మీర్ లోయ మొత్తం దాడికి వ్యతిరేకంగా బంద్ పాటించింది, పర్యాటకులను కాపాడబోయి గుర్రం నడిపే ఆదిల్ హుస్సేన్ షా ప్రాణం పోగొట్టుకున్నాడు. భర్తను పోగొట్టుకున్న నేవీ అధికారి భార్య, ముస్లింల మీద, కశ్మీరీల మీద పడొద్దని అడిగితే ఆ అమ్మాయిని తిట్టారు. పహల్గాంలో చనిపోయిన 26 మందిలో మన కావలి మనిషి ఉన్నాడు, బెంగళూరులోనే ఉద్యోగం చేసేవాడు, విశాఖ మనిషి ఉన్నాడు. మన దుఃఖం మనది, దాన్ని వేరొకరి మీద కక్షగా మార్చుకోమని వాళ్లెవరూ మనల్ని అడగలేదు.

మీ శివాజీనగర్ టీమ్‌మేట్ దగ్గరకు వెళ్లండి. "నువ్వు ఖండిస్తున్నావా" అని మాత్రం అడగొద్దు, మీ మతం చూసి మిమ్మల్ని ఎవరూ అలా అడగలేదు కదా. లంచ్‌కు పిలవండి, చాలు. రాకపోతే మర్నాడు మళ్లీ పిలవండి. టేబుల్ దగ్గర ఎవరైనా మళ్లీ మొదలుపెడితే, అతని ముందే, ఈ వాదన ఆపమని చెప్పండి.

దాడి జరిగిన రోజు అనుమానితుడి ఫొటో అని వచ్చేవి ఫార్వర్డ్ చేయకండి. మీ అపార్ట్‌మెంట్ సీసీటీవీ ఫుటేజీ తుడిచిపోకుండా కాపీ తీయించి పోలీసులకు ఇవ్వండి. కెఫే కేసు కదిలింది అలాంటి ఫుటేజీల వల్లే. అనుమానం వస్తే 112కి చెప్పండి, మీరే ఎవరి బ్యాగూ తెరవొద్దు, ఎవర్నీ పట్టుకుని కొట్టొద్దు.

చివరగా, సాక్షిగా పిలిస్తే వెళ్లండి. చాలా కేసులు పోయేది సాక్షులు రాక, వచ్చినా మాట మార్చి. ఆడవాళ్లనూ, 60 దాటినవాళ్లనూ, 15 లోపు పిల్లలనూ స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, ఇంటికే వచ్చి అడగాలి, ఇది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్‌లో ఉంది. పోలీసుకు ఇచ్చే స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాల్సిన అవసరం లేదు. భయముంటే మీ పేరు, అడ్రసు బయటికి రాకుండా చూడమని కోర్టును అడగొచ్చు, యూఏపీఏలోనూ ఎన్‌ఐఏ చట్టంలోనూ దానికి వీలుంది. ఎందుకు చేశాడనుకుంటున్నారని ఎవరైనా అడిగితే తెలియదని చెప్పండి. చూసింది చెప్పండి, టైమ్ ఎంత, బ్యాగు ఏ రంగు, ఎటు నుంచి వచ్చాడు, ఎటు పోయాడు. మెజిస్ట్రేట్ ముందు చెప్పిస్తే రాసింది మొత్తం చదివించుకుని, తేడా ఉంటే అక్కడే సరిచేయించండి. కోర్టు సమన్లు వచ్చేసరికి ఏళ్లు పట్టొచ్చు, అప్పటికి మీరు కంపెనీ మారి ఉంటారు, ఇల్లు మారి ఉంటారు, అందుకని ఫోన్ నంబరు మారినప్పుడల్లా దర్యాప్తు అధికారికి తెలియజేయండి.